చిక్కుడు తీగ కొసన చినుకు

మొన్న మా మనవడు మహబూబ్‌నగర్ నుంచి వస్తూ చేటంత ఫోటో ఒకటి చుట్ట చుట్టి తెచ్చాడు. వాడికి ఈ మధ్య కొత్త కెమెరా, దాని వెంబడే కొత్త పిచ్చి పట్టుకున్నాయి. మనుషుల మొహాలు తీయడు. చీమ మీసం, ఆకు ఈనె, గోడమీది పాచి, ఇట్లాంటివాటికి ముక్కు ఆనించి తీస్తాడు. తెచ్చినదాన్ని నడింట్లో పరిచి, ఎవరికి ఏం కనబడుతుందో చెప్పాలని అందరికీ పరీక్ష పెట్టాడు. అది చింతచెట్టు బెరడని తర్వాత తెలిసింది. మా కొడుక్కు నీళ్లెండిన చెరువు కనబడింది. మా కోడలికి మూతి ముడుచుకున్న ముసలమ్మ కనబడిందట. ఆ మాట బొమ్మను చూస్తూ అన్నదో నన్ను చూస్తూ అన్నదో నేను అడగలేదు. నా వంతు వచ్చింది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఫోటోను తలకిందులుగా తిప్పి, కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాను. "అవ్వా, తిరగేసి పట్టుకున్నవ్" అని మనవడు సరిచేయబోయాడు. "తెలిసే పట్టుకున్న, నువ్వు జర ఊకో" అన్నాను. అందరూ నవ్వారు. ముసలితనంలో ఉన్న సుఖం ఇదొక్కటే, ఏం చేసినా వయసు మీదికి నెట్టేస్తారు. కానీ బొమ్మ ఏది చేతికొచ్చినా ఒకసారి తిరగేసి చూసే అలవాటు నాకు వయసుతో రాలేదు. రెండో ప్రపంచ లడాయి రోజుల్లో, వనపర్తిలో, నేను కొత్తకోడలిగా కాలుపెట్టిన ఇంట్లో వచ్చింది.

మా పుట్టినూరు నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె. నాకు చిన్నప్పటి నుంచే దూరపు చూపు ఆనదు. మూరెడు దాటితే లోకమంతా ఆవిరి పట్టిన అద్దం. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ మాటకొస్తే నాకే తెలియదు. అందరికీ లోకం అట్లాగే కనబడుతుందని అనుకునేదాన్ని. పెండ్లిచూపులకు వచ్చినవాళ్లు నన్ను చూశారు గానీ, నేను వాళ్లలో ఒక్కరిని కూడా చూడలేదు. పిల్ల తలెత్తలేదని, ఎంత అణకువ అని మా అత్త మురిసిపోయిందట. ఎత్తినా కొత్తగా కనబడేదేమీ లేక ఎత్తలేదు. కాపురానికి వచ్చాక కూడా ఆ మంచిపేరు కొన్నాళ్లు నిలిచింది. ముక్కుసూటి మనిషినని కూడా అనేవాళ్లు. నిజమే, ముక్కుకు సూటిగా ఆనిస్తే తప్ప నాకేదీ కనబడేది కాదు. ఒకనాడు మా ఆయనకు పప్పు విస్తట్లో కాకుండా విస్తరి పక్కన నేలమీద వడ్డించాక నా అణకువ గుట్టు బయటపడింది. అయితే దగ్గరి చూపులో మాత్రం నన్ను మించినవాళ్లు లేరు. బియ్యంలో రాళ్లు, సూదిలో దారం, పిల్లల తలలో ఈర్లు, అన్నీ నా పనే. ఇంట్లో ఆడవాళ్లందరూ తమ తలలు నా చేతికి అప్పగించారు గనుక, వచ్చిన ఏడాదిలోనే నేను అందరినీ తలదన్నేదాన్నయ్యాను.

ఆ ఇంటికి పెద్దకొడుకు మా బావ, అంటే మా ఆయనకు అన్న. చదువుకోసం హైదరాబాదు పోయి, చదువు సగంలో వదిలి, ఒక ఫోటోల దుకాణంలో పని నేర్చుకొని, మూడుకాళ్ల కెమెరాతో తిరిగివచ్చినవాడు. పొలం మా ఆయన చూసుకునేవాడు, బావ మనుషులను చూసేవాడు. ఆ కెమెరాకు కొలిమితిత్తి లాగ ముడతలు ముడతలుగా నల్లటి తిత్తి. తిత్తికి ముందు కన్ను, వెనక గరుకు అద్దం. నల్లగుడ్డ కప్పుకొని ఆ అద్దంలోకి చూస్తే మనుషులు, గోడలు, ఆకాశం అన్నీ తలకిందులుగా కనబడేవి. ఇంతా చేసి ఆ ఊళ్లో దాని ముందు కూర్చునే ధైర్యం ఎవరికుంది? బతికుండగా బొమ్మ తీస్తే ఆయుసు తగ్గుతుందని అందరి భయం. అందుకని మా బావను పిలిచేదంతా పోయినవాళ్ల ఇండ్లకే. పోయినవాళ్లను స్నానం చేయించి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు శాలువా బిగించి, అప్పుడు మా బావకు కబురు పంపేవారు. ఊళ్లో చాలామంది తమ జన్మలో మొదటిసారి కుర్చీలో కూర్చున్నది ఆనాడే. "బతికినోళ్లు కదులుతరు, కండ్లు మూస్తరు, నగుతరు. వీళ్లు నయం, చెప్పినట్టు కూసుంటరు" అని బావ అనేవాడు. నవ్విస్తూ అనేవాడే గానీ, అట్లాంటి ఇంటి నుంచి వచ్చినరోజు ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు.

ఆ బరువు దించుకోవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. బావి దగ్గర తలస్నానం చేసి, తడి జుట్టుతోనే కెమెరాను పెరట్లోకి మోసుకుపోయి, ఏదో ఒక పచ్చనిదాన్ని బొమ్మ తీసేవాడు. తిత్తిని చివరిదాకా సాగదీసి, కన్నును ఆకుకు ఆనేంత దగ్గరికి జరిపేవాడు. అట్లా తీస్తే గోరంత వస్తువు అరచేతంత పడేది. సీతాఫలం తోలు, మిడత రెక్క, ఘణపూర్ ఖిల్లా రాయి మీద పట్టిన బూజు, ఎండిన మడిలో నెర్రెలు. కాగితం మీద అచ్చు వేసి ఎండలో ఆరబెట్టి, పొద్దుగూకే ముందు అరుగు మీద అందరి మధ్యలో పెట్టేవాడు. ఏం కనబడుతుందో చెప్పడం మా ఇంటి ఆట. మా అత్తకు ప్రతిదాంట్లో దేవుడే. మిడత రెక్కలో కూడా ఆమెకు ఆంజనేయస్వామి తోక కనబడేది. మా అక్కకు, అంటే బావ భార్యకు, తినేవి కనబడేవి. "ఇది మా గద్వాల దిక్కు రొట్టె, ఇగో పొంగింది" అనేది. నేను కొత్తకోడల్ని గనుక నా ముందు చెప్పినవాళ్లకు ఏది కనబడితే నాకూ అదే కనబడేది. పక్కింటి ఖాలా ఎప్పుడన్నా వచ్చి కూర్చుంటే, ఒకసారి చూసి, "ఇది ఆకు. మీకందరికీ పని లేదు" అని తేల్చి తాంబూలం నోట్లో వేసుకునేది. లడాయి మూలంగా ఫోటో పలకలు దొరకడం కష్టమైపోయిన కాలం. వనపర్తి రోడ్డు స్టేషనుకు ఎప్పుడో ఒక డబ్బా వచ్చేది. ఆ గాజుపలకలు గడ్డిపరకల మీద ఖర్చు పెడుతున్నాడని మా అత్త గొణిగేది. గొణుగుతూనే తోక వెదికేది.

మా అక్కది గద్వాల. మాట మధ్యలో "హౌదు, హౌదు" అని, అవునవునన్నట్టు, కన్నడం దొర్లేది. నన్ను చెల్లె అని నోరారా పిలిచిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. మూడోసారి ఆడపిల్ల పుట్టగానే మా అత్త బీచుపల్లి ఆంజనేయునికి మొక్కింది. పిల్ల పుట్టెంటికలు కృష్ణ ఒడ్డున ఇస్తానని, అవి ఇచ్చేదాకా పిల్ల తలకు కత్తెర తగలనియ్యనని, పిల్ల రూపం ఎక్కడా నిలపనని. అంటే కెమెరా ముందుకు పిల్ల రాకూడదు. పుట్టెంటికలు తీసేది బేసి ఏట్లోనే. మొదటి ఏడు మా మామ పోయి ఇంట్లో అంటు. మూడో ఏడు నది దిక్కు ఊళ్లలో కలరా గత్తర, నది దాటించే పుట్టి పడవలు నడిపేవాళ్లు కూడా ఇల్లు కదల్లేదు. ఇంక ఐదో ఏడని ఆగారు. ఆ ఆగడంలో పిల్ల జుట్టు నడుము దాకా వచ్చింది. నేనే దువ్వేదాన్ని. దువ్వుతుంటే నిలబడేది కాదు, దొరికిన కాలికల్లా చుట్టుకునేది. తండ్రి కనబడితే మాత్రం రెండు చేతులూ పైకి లేపి, మాట లేకుండా అట్లాగే నిలబడేది.

ఆ ఏడు తొలకరి మంచిగా పడింది. రాత్రంతా కురిసి పొద్దున వెలిసింది. బావ ముందురోజు ఎవరి ఇంటికో పోయివచ్చినవాడు, తెల్లవారగానే కెమెరా పెరట్లో పెట్టాడు. చిక్కుడు పందిరి కింద, ఒక తీగ కొసకు నిండుగా ఊరిన చినుకు ఒకటి వేలాడుతోంది. గాలి లేదు. పిల్ల తండ్రిని వదలనని మంకుపట్టు పట్టింది. నేను చిక్కుడు తీగలను పందిరికి ఎక్కిస్తున్నాను, పిల్ల కాసేపు నా కాళ్లకు చుట్టుకున్నా నా దగ్గర ఆగలేదు. చివరకు బావ, "పందిరి అవుతల ఆ బండ మీద నిలబడు, కదలొద్దు. నేను ఈడనే ఉన్న" అన్నాడు. అరుగు మీద నుంచి మా అత్త కేకేసింది.

"పిల్లను డబ్బా ముంగట నిలబెడ్తివేంది రా?"

"అమ్మా, ఇంత దగ్గర పెట్టి తీస్తే ఎనుక ఏనుగున్నా కానరాదే. అంతా మబ్బే. కావాలంటే నువ్వే చూసుకో."

ఆమె నిజంగానే వచ్చి నల్లగుడ్డలో తల దూర్చి చూసింది. చినుకు, దాని చుట్టూ తెల్లటి మబ్బు. పిల్ల లేదు. బయటికి వచ్చి, "లోకాన్ని ఉల్టా చేసి పెట్టినవు గదరా" అని మాత్రం అని అరుగెక్కింది. మా బావ చెప్పింది అబద్ధం కాదు, ఆయన పనిలో అందరికీ తెలిసిన సంగతే. దగ్గరిది కుదిరితే దూరంది కరిగిపోతుంది. నా కండ్లలాంటిదే ఆ డబ్బా కూడా. నాకు పందిరి అవతల ఎర్రలంగా మరక ఒకటి కనబడింది, అంతే. బావ మూత తీసి, లోలోపల లెక్కపెట్టి, మూత పెట్టాడు. ఆ సాయంత్రం చినుకు బొమ్మ అరుగు మీదికి వచ్చింది. అత్తకు శివలింగం కనబడింది, అక్కకు సగ్గుబియ్యం గింజ. ఖాలా నీళ్లన్నది.

ఆ వానాకాలం పోకముందే పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖాన మందు పనిచేయలేదు, అత్త కట్టిన తాయెత్తు పనిచేయలేదు. ఇంక ఆ సంగతి నేను రాయను. రాయవలసింది ఆ మరునాటి సంగతి. అంతా అయిపోయాక అక్క బావ దగ్గరికి వచ్చి, "ఊరందరికీ తీస్తివి. నా బిడ్డకు ఒక్కటి తియ్యి" అన్నది. మొక్కు ఇంక ఎట్లాగూ లేదు గనుక అత్త కూడా అడ్డం చెప్పలేదు. బావ కెమెరా తెచ్చాడు. మూడుకాళ్లూ సరిచేశాడు. అక్క పిల్లను ఒడిలో పెట్టుకొని, జుట్టు సవరించి కూర్చుంది. ఆయన నల్లగుడ్డలోకి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. గుడ్డ కదులుతోంది. అప్పుడు బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "వెలుతురు లేదు" అన్నాడు. కెమెరా ఎత్తుకొని లోపలికి పోయాడు. అది మిట్టమధ్యాహ్నం. పెరట్లో కాలు పెడితే కాలిపోతోంది.

ఆ మాటను అక్క మరిచిపోలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. కోపంగా మొహం తిప్పుకోవడం కాదు, అన్నం పెట్టేది, గుడ్డలు తీసిపెట్టేది, మాట మాత్రం లేదు. ఏదన్నా చెప్పవలసి వస్తే నాకు చెప్పేది. బావ ఎదుట నోరు తెరవకూడని మరదల్ని గనుక నేను అత్తకు చెప్పేదాన్ని. అత్త బావకు చెప్పేది. ఆయన అక్కడే మూరెడు దూరంలో కూర్చొని మూడుసార్లూ విని, మూడోదానికి జవాబిచ్చేవాడు. "నూనె అయిపోయింది" అనే మాట ఇంట్లో ఇంత దూరం ప్రయాణం చేయడం చూస్తే ఇంకొక సందర్భంలో నవ్వొచ్చేది. ఆ సందర్భంలో కూడా ఒకటి రెండుసార్లు నాకు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను. అణకువ మళ్లీ అక్కరకొచ్చింది.

ఇంకొన్నాళ్లకు అక్క ఫోటోల పెట్టె ముందేసుకొని కూర్చోవడం మొదలుపెట్టింది. బావ తీసిన ఆకులు, బెరడులు, రెక్కలు అన్నీ తీసి చాపమీద పరిచేది. మొదట ఊరికే చూస్తోందని అనుకున్నాను. ఒకనాడు నన్ను పిలిచి, రావి ఆకు ఈనె చూపించి, "చెల్లె, ఇది పాపిట కాదా? నువ్వే తీసేటిదానివి గద, చెప్పు" అన్నది. ఇంకొకనాడు నత్తగుల్లలో చెవి దొరికింది. కందిపువ్వులో పెదవి దొరికింది. ఒకప్పుడు రొట్టెలు కనబడ్డ బొమ్మలలో ఆమె ఇప్పుడు బిడ్డను ఒక్కొక్క ముక్కగా ఏరుకుంటోంది. నేను అవునన్నదాన్ని. అలవాటు ప్రకారం ముందు చెప్పినవాళ్లకు కనబడిందే నాకూ కనబడిందని చెప్పాను. బావ దూరం నుంచి చూసేవాడు. ఉన్న కొద్ది పలకలన్నీ పట్టుకొని కొత్త ఆకులు, కొత్త పూలు తీసి, ఏమీ చెప్పకుండా పెట్టెలో పెట్టి పోయేవాడు. మొగుడూ పెండ్లాల మధ్య మిగిలిన మాట అదొక్కటే. ఒక సాయంత్రం అక్క పొయ్యి ముందు కూర్చొని ఉన్నట్టుండి అడిగింది, "దాని పుట్టుమచ్చ ఏ చెంపకుండె చెల్లె? కుడిదా, ఎడమదా?" నేను చెప్పాను. మరునాడు మళ్లీ అడిగింది. మూడోనాడు అడిగినప్పుడు ఆమె గొంతులో ఉన్నది దుఃఖం కాదు, భయం. బిడ్డ రెండోసారి పోతోంది, ఈసారి కండ్లలోంచి. అది ఆమెకు తెలుస్తోంది.

ఆ పెట్టె సర్దే పని నాది. ఒక మధ్యాహ్నం అక్క పరిచినవన్నీ తీసి పెడుతూ, చినుకు బొమ్మ తలకిందులుగా చేతికొచ్చింది. దుమ్ము ఉందేమోనని నా పద్ధతిలో ముక్కుకు ఆనించి చూశాను. చినుకు లోపల నువ్వుగింజంత ఎవరో నిలబడి ఉన్నారు. దుమ్మనుకొని ఊదాను. పోలేదు. బండ ఉంది. బండ మీద చిన్న లంగా. నెత్తిమీద కొప్పు, నేను ముడిచిన కొప్పే. రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి. నేను ఎంతసేపు అట్లా చూశానో తెలియదు. ఆ నీటిబొట్టు తన వెనక ఉన్న పెరటినంతా తలకిందులు చేసి తనలో దాచుకుంది. చుట్టూ మబ్బులో కలిసిపోయిన పిల్ల చినుకు లోపల మాత్రం స్పష్టంగా నిలిచింది. ఇంతకాలం అందరం బొమ్మను సరిగ్గా పట్టుకొని చూశాం గనుక మాలో ఎవరికీ కనబడలేదు. చిక్కుడు తీగకు చిక్కింది పిల్ల.

అక్క దగ్గరికి పరుగెత్తాలని అనుకున్నాను. కాళ్లు ఎందుకో బావ ఫోటోలు కడిగే చీకటి గది వైపు తీసుకుపోయాయి. మరదలు బావ గడప తొక్కకూడదు. నేను తలుపు అవతల నిలబడి బొమ్మను తలకిందులుగానే గడపమీద పెట్టాను. ఆయన దాన్ని చూశాడు. వంగి తీసుకోలేదు. అప్పటికే తెలుసని నాకు అర్థమైంది.

"నాకు మొదటి అచ్చు వేసిన నాడే కానొచ్చింది అమ్మా" అన్నాడు మెల్లగా, నన్ను కూడా ఆయన అమ్మా అనే అంటాడు. "నగుకున్న కూడా. అమ్మకు చెప్తే పరేషాన్ అయితదని ఊకున్న. ఐదో ఏడు వెంట్రుకలిచ్చినంక అందరికీ చూపెడ్దామనుకున్న."

నేను మాట్లాడకూడదు. ఆయనే అన్నాడు, "ఇప్పుడు చూపెడితే ఏమంటరు? మొక్కు తీరకముందు బొమ్మ తీసినవు, అందుకే పోయింది అంటరు. అమ్మ అంటే పడ్త. మీ అక్క గట్ల అనుకుంటే? హైదరాబాదుల చదివొచ్చిన. ఆయుసు తక్కువైతదంటే ఊరంతటినీ చూసి నవ్విన. ఆ పొద్దు ఆమె పిల్లను ఒళ్లె పెట్టుకొని కూసుంటే, గుడ్డల తలపెట్టి చూసిన. నా బిడ్డ ఉల్టా కనబడ్డది, గా చినుకుల లెక్కనే. ఈ డబ్బానే తీసుకపోయింది అనిపించింది. నాకే అనిపించింది అమ్మా. చెయ్యి రాలేదు."

వెలుతురు లేదన్న మాటకు అర్థం అది. నేను బొమ్మను తీసి మళ్లీ పెట్టెలో పెట్టాను, సరిగ్గా, అంటే ఎవరికీ కనబడకుండా. చెప్పాలా వద్దా అన్నది ఆయనకే వదిలాను. ఆయన ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు ఆ చినుకును పెద్దది చేయాలని చూశాడట. అచ్చును మళ్లీ ఫోటో తీసి, దాన్ని మళ్లీ తీసి. పెద్దది చేసినకొద్దీ పిల్ల ఇసుకైపోయింది. చేతులు గింజలు, మొహం గింజలు. పుట్టుమచ్చ సంగతి దేవుడెరుగు, మొహమే లేదు. చిన్నగా ఉంటేనే పిల్ల, పెరిగితే లేదు.

మళ్లీ తొలకరి వచ్చేదాకా ఇంట్లో ఇదే. ఒక వానపొద్దున అత్త వంటింటి గడప దగ్గర పల్లీలు ఒలుస్తోంది. అక్క ఒక సీతాకోకచిలుక రెక్కను పట్టుకొని నన్ను అడుగుతోంది, ఇది కన్నే గదా అని. నేను అవునని నోరు తెరిచే లోపల బావ వంటింట్లోకి వచ్చాడు. ఆ ఇంట్లో మగవాళ్లు వంటింట్లోకి రావడం నేనెన్నడూ చూడలేదు. చేతిలో చినుకు బొమ్మ, భూతద్దం. అక్క ముందు తలకిందులుగా పెట్టి, అద్దం దానిమీద ఆనించి, తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, మొక్కు తీరకముందే బిడ్డ బొమ్మ పడ్డది. చినుకుల పడ్డది. నాకు ఎరుక లేక పడ్డది, కానీ తీసింది నేనే."

అత్త చేతిలో పల్లీ అట్లాగే ఉండిపోయింది. అక్క అద్దం మీద వంగి ఉంది, మొహం కనబడటం లేదు. వాన చూరు నుంచి కారుతోంది.

"ఆ పొద్దు నేను కూడా చూసిన గదరా గుడ్డలకెళ్లి" అన్నది అత్త చివరికి. "చినుకుల పడితే బొమ్మ ఎట్లయితది? నీళ్లల్ల అందరి నీడ పడ్తది. దినాం పొద్దున దాన్ని చంకనేసుకొని బాయిల చూపెట్టేదాన్ని, ఇగో నువ్వు, ఇగో నేను అని. గట్ల తీసుకపోయేదుంటే నా చేతుల్లకెళ్లే తీసుకపోవాలె." అని పల్లీ ఒలిచి చేటలో వేసింది. ఆ మాట ఆమె నమ్మి అన్నదో, కొడుకు కోసం అప్పటికప్పుడు నమ్మిందో, ఆమెతో అంతకాలం ఒక్కింట్లో ఉన్న నేను కూడా చెప్పలేను.

అక్క ఈ మాటలేవీ విన్నట్టు లేదు. మొక్కు మాట, తప్పు మాట, ఏదీ ఆమెకు పట్టలేదు. బాగాసేపటికి అద్దం మీద నుంచి తలెత్తింది. నా వైపు తిరుగుతుందని, నేను అత్తకు చెప్పాలని, అలవాటుగా ముందుకు వంగాను. ఆమె నేరుగా బావను చూసింది.

"చేతులెందుకు లేపింది?"

ఏడాది తర్వాత ఆయనతో అన్న మొదటి మాట. ఈసారి జవాబు ఆయన నేరుగా ఆమెకే చెప్పాడు. "ఎత్తుకొమ్మని. నేను కదలొద్దన్న. కదలకుండనే ఎత్తుకొమ్మని అడిగింది."

"ఎత్తుకుంటివా మరి?"

"ఎత్తుకున్న. మూత పెట్టంగనే పోయి ఎత్తుకున్న."

"హౌదా" అన్నది అక్క. అంతే. మళ్లీ అద్దం మీద వంగింది. ఈసారి ఆమె భుజాలు కదిలాయి. ఆ ఏడాదంతా నేను చూడని ఏడుపు అది. బావ పొయ్యి పక్కన, పిడకల మీదే, చతికిలబడ్డాడు. నేను లేచి అన్నం కుండ దించాను, అది ఎప్పుడో మాడిపోయింది. ఆ రోజు అందరం మాడిన అన్నమే తిన్నాం, వంకపెట్టినవాళ్లు లేరు.

ఆ తర్వాత అక్క పుట్టుమచ్చ ఏ చెంపకని నన్ను అడగలేదు. మొహం లేని ఆ నువ్వుగింజలో ఆమెకు మొహమంతా కనబడేదో, కనబడకపోయినా సరిపోయేదో తెలియదు. బొమ్మను గద్వాల పట్టుచీర మడతలో పెట్టుకుంది. పిల్ల ఉంటే ఐదో ఏడు వచ్చేనాటికి మా అత్త ఎవరినీ రావద్దని, ఒక్కతే పుట్టి ఎక్కి నది దాటి బీచుపల్లి పోయి వచ్చింది. అక్కడ దేవునితో ఏం మాట్లాడిందో చెప్పలేదు. తర్వాత అక్కకు పుట్టిన ఇద్దరు మగపిల్లలను బావ ఉయ్యాలలో ఉండగానే బొమ్మలు తీశాడు, అత్త నోరెత్తలేదు. అరుగు మీది ఆట మాత్రం మళ్లీ మొదలుకాలేదు. ఆకులు, రెక్కలు ఆయన మళ్లీ తీయలేదు. నేను కళ్లద్దాలు పెట్టుకున్నది కూడా ఆ రోజుల తర్వాతే. మొదటిసారి పెట్టుకొని పెరట్లోకి పోయి చూస్తే, ఆ బండ నేను అనుకున్నదానికంటే ఎంతో దగ్గరగా ఉంది.

అక్క పోయేముందు ఆ చీర నాకిమ్మని చెప్పిందట, మడత విప్పకుండా ఇచ్చారు. బొమ్మ ఇప్పుడు గోధుమరంగుకు తిరిగింది. మొన్న మనవడి ముందే తీసి, తిరగేసి చేతికిచ్చాను. వాడు చాలాసేపు చూసి, "మరక అవ్వా" అన్నాడు. వాడి తప్పు కాదు. నా కండ్లకు కూడా కొన్నాళ్లుగా అది మరకే, చేతులు ఎక్కడున్నాయో తెలిసినదాన్ని గనుక కనబడుతున్నాయి. అత్త పోయింది, బావ పోయాడు, అక్క పోయింది, పందిరి ఉన్నచోట ఎవరిదో గోడ లేచింది. మరుక్షణం రాలిపోవలసిన ఆ చినుకొక్కటే ఇంకా రాలలేదు, తీగ కొసన వేలాడుతూ, చేతులు చాపిన పిల్లను ఎవరన్నా వచ్చి ఎత్తుకునేదాకా కాలాన్ని జర ఆగమంటున్నట్టు.